అక్క తట్టని మలుపు

మా బావకి చెవులు వినపడవు. ఈ మాట ఆయన ఎదురుగా నిలబడి అన్నా ఫరవాలేదు, ఎలాగూ వినపడదు. పూర్తి చెవుడని కాదు. కుడిచెవి దగ్గరికెళ్ళి గొంతు చించుకుంటే సగం అందుతుంది. మిగతా సగం మన మొహం చూసి ఆయనే పూరించుకుంటాడు. ఆ పూరించుకోవడంలో మనం పెట్టిన తిట్లు కూడా పొగడ్తలైపోతుంటాయి. అందుకే ఆయనతో పోట్లాడి గెలిచినవాడు లేడు.

ఆయన పని వీల్ అలైన్‌మెంట్. బండి చక్రాలు నాలుగూ ఒకదాని మాట ఒకటి వినేలా చెయ్యడం. కంప్యూటర్ మిషను కొన్నాక కూడా బండికి అటూ ఇటూ దారం కట్టి, ఒక కన్ను మూసి చూస్తేనే ఆయనకి తృప్తి. అందుకే ఊళ్ళో అందరూ దారం గారంటారు. అదే షెడ్డులో నాది టైర్ల పని. మధ్యలో గోడ లేదు. ఇటు నేను, అటు ఆయన, మూల కిటికీ దగ్గర ఒక కుట్టుమిషను. ఆ మిషను మా అక్కది. నాకు తోడబుట్టింది, ఆయనకి భార్య. బండ్ల సీటు కవర్లు కుట్టేది.

కుట్టేది అంటున్నాను, చూడండి. అక్క పోయింది. షెడ్డు వెనక ఖాళీ స్థలంలో బావ ఓ ట్రక్కుని తిప్పి చూస్తుంటే, ఆయన పక్క సీట్లో కూర్చుని పోయింది. ఆ ట్రక్కు టైరు ఆ రోజు మలుపులో రాసుకుందా, లేదా? లోకంలో ఇంకెవరికీ అక్కర్లేని ప్రశ్న ఇది. రాసుకుందని నాకు తెలిసిపోయింది. బావకి మాత్రం తెలియకూడదనుకున్నాను. అక్క పోయాక నేను మనసుపెట్టి చేసిన పని ఏదైనా ఉందంటే, అది ఆ సంగతి ఆయనకి తెలియకుండా దాచడమే.

ఎందుకు దాచాలో అర్థం కావాలంటే ముందు ఎత్తు పెంచిన బండి గురించి కొంచెం చెప్పాలి. కంపెనీవాడు ఎంతో ఆలోచించి బండిని ఒక ఎత్తులో నిలబెడతాడు. జనానికి అది నచ్చదు. స్ప్రింగుల దగ్గర దిమ్మలు పెట్టించి జానెడు పైకి లేపుతారు. ఆపైన ఏనుగు కాళ్ళలాంటి టైర్లు వేయిస్తారు. తిన్నగా పోతున్నంతసేపు రాజాలా ఉంటుంది. స్టీరింగ్ చివరిదాకా తిప్పగానే టైరు అంచు వెళ్ళి మడ్‌గార్డు లోపలివైపు గీరుకుంటుంది. గర్రుమని ఒక చప్పుడు. అప్పుడు మా దగ్గరికి పరిగెత్తుకొస్తారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నేను మొహం మీదే అనేస్తాను. బావ అనడు. "దానికేముంది, కాస్త ముందుకి జరుపుదాం" అంటాడు.

జరపడమంటే, చక్రాన్ని పట్టుకుని ఉండే ఆర్మ్‌ల బోల్టులు వదులు చేసి, దాని గూట్లో చక్రాన్ని వేలెడంత ముందుకి తేవడం. చాలీచాలకుండా తెస్తే రాసుకోవడం ఆగదు. మరీ ముందుకి తెస్తే ఇంకో తంటా. స్టీరింగ్ రాయిలా బరువెక్కుతుంది, గతుకు తగిలితే బండి తాగినవాడిలా రోడ్డంతా నాదే అంటుంది. ఈ రెంటికీ మధ్య సందు చాలా తక్కువ. మిషను తెరమీద అంకెలు అన్నీ పచ్చగా వెలుగుతున్నా ఆ చప్పుడు ఉండచ్చు. బండెక్కి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పుతూ నడిపి, చెవి పెట్టి వినాల్సిందే. ఆ పని చేసేవాడికి చెవులు పోవడమంటే ఏమిటో ఇక నేను వేరే చెప్పక్కర్లేదు.

అక్క పెళ్ళి అక్కే కుదుర్చుకుంది. అబ్బాయి ఏం చేస్తాడని అమ్మ అడిగింది. "బండ్లు పక్కకి లాగకుండా తిన్నగా పోయేట్టు చేస్తాడమ్మా" అంది అక్క.

"మరి వాడు తిన్నగా పోతాడా?" అంది అమ్మ.

"నేను చూసుకుంటాగా" అంది.

చూసుకుంది. వాళ్ళకి పిల్లల్లేరు. ఇద్దరూ పొద్దున్నే షెడ్డుకొచ్చి, సాయంత్రం కలిసి ఇంటికి నడిచి వెళ్ళేవాళ్ళు. బావ అసలే మాట తక్కువ మనిషి. ఆ లోటంతా అక్క తీర్చేది. చిరిగిన సీటు తెచ్చినవాణ్ణి "ఇది కూర్చుని చింపావా నాయనా, దున్ని చింపావా?" అని అడక్కుండా వదిలేది కాదు. బేరమాడటానికి వచ్చినవాళ్ళు కూడా తిట్లు తిని, నవ్వుకుంటూ, అనుకున్నదానికంటే మంచి గుడ్డ వేయించుకుని వెళ్ళేవాళ్ళు. నన్నయితే గడ్డం నెరిసినా "ఒరే చిన్నోడా" అనే పిలిచేది. అది నలుగురిలో పిలవద్దే అంటే ఇంకా గట్టిగా పిలిచేది.

బావ చెవులు ఒక్కరోజులో పోలేదు. చక్రాల బోల్టులు విప్పే నా ఎయిర్ గన్ మోత, కంప్రెసర్ మోత, తుప్పుపట్టి బిగుసుకుపోయిన బోల్టుల మీద సుత్తి దెబ్బలు, అన్నీ కలిసి ఏళ్ళ తరబడి తిన్నాయి. "మా ఆయన చెవులు తిన్నది నీ గన్నేరా" అని అక్క అనేది. "గన్ను కాదు, నీ నోరు" అనేవాణ్ణి. ఇద్దరం అలా నవ్వుతూ ఉండగానే ఆయనకి పిట్టల కూతలు పోయాయి, ఫోన్ మోగడం పోయింది, చివరికి ఆ గర్రుమనే చప్పుడు కూడా పోయింది.

ఆ సంగతి మాకు తెలిసింది ఇటుకల వ్యాపారి బండి వల్ల. బాగుందని చెప్పి బావ దాన్ని పంపేశాడు. గేటు దాటకుండానే అది మలుపులో గర్రుమంది. నేను విన్నాను, అక్క వింది, గేటు దగ్గర పడుకున్న కుక్క కూడా తలెత్తి చూసింది. బావ మాత్రం వేస్టు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నవ్వుతూ నిలబడ్డాడు. ఇటుకలాయన దిగొచ్చి నలుగురిలో నానా మాటలూ అన్నాడు. ఆ మాటలు వినపడకపోయినా ఆ మొహం కనపడుతుంది కదా. ఆ పూట బావ ఏమీ తినలేదు. ఈ పని ఇక నావల్ల కాదు, మానేస్తానన్నాడు. పని మానేస్తే ఆయనకి ఇంకేం మిగులుతుంది? చెవులు పోయినవాడు ఇంట్లో కూర్చుంటే వాడికి ఇల్లు కూడా మూగదే.

మర్నాడు అక్క మిషను మీద గుడ్డ కప్పి లేచింది. జుట్టు సర్దుకుని, మొహం తుడుచుకుని, అలైన్‌మెంట్‌కి వచ్చిన బండెక్కి బావ పక్కన కూర్చుంది. "పదండి. మీరు తిప్పండి, నేను వింటా" అంది.

అప్పుడు మొదలైంది ఈ తట్టడం. ఎడమ టైరు రాసుకుంటే ఆయన మోచేతి మీద ఒకసారి తట్టేది. కుడిదైతే రెండుసార్లు. ఏమీ లేకపోతే చేతులు ఒళ్ళోనే. తట్టగానే బావ బండి ఆపేవాడు, దిగి బోల్టులు సరిచేసేవాడు, మళ్ళీ ఎక్కేవాడు. అక్క తట్టకుండా ఒక చుట్టు పూర్తయిందంటే పని అయిపోయినట్టే. బండిలో ఆవిడ తలని కిటికీ చట్రానికి ఆనించి, కళ్ళు మూసుకుని వినేది. "కళ్ళు మూస్తేనేరా చెవులు తెరుచుకునేది" అనేది. నోరు కూడా మూసుకునేది మరి. అక్క తన జీవితంలో నోరు మూసుకుని కూర్చున్నది ఆ బండ్లలోనే.

వచ్చినవాళ్ళకి ఏం చెప్పేవాళ్ళమంటే, సీటు కుదురుగా ఉందో లేదో చూడటానికి ఆవిడ ఎక్కుతోందని. ఊరంతా నమ్మినట్టు నటించింది. దారం గారికి చెవుడని తెలియనివాడు ఊళ్ళో లేడు, తెలుసన్నవాడూ లేడు. ఆ విషయంలో మా ఊరివాళ్ళకి దణ్ణం పెట్టాలి. నేను మాత్రం ఊరుకుంటానా? వాళ్ళిద్దరూ బయల్దేరినప్పుడల్లా "ఏ ఊరు ప్రయాణం కొత్త జంటా?" అని ఏడిపించేవాణ్ణి. అక్క కిటికీలోంచి చెయ్యి ఊపేది. వెనక ఖాళీ స్థలంలో ఎనిమిది అంకె వేసినట్టు బండి తిరుగుతుంటే, దుమ్ములో ఆ ఇద్దరి తలలు కనపడేవి. వాళ్ళు షికారు వెళ్ళిందంటూ ఏదైనా ఉంటే అదే.

ఆ రోజు వచ్చింది పశువుల డాక్టరు గారి పికప్ ట్రక్కు. ఆయన షోకుకి ఎత్తు పెంచుకున్న మనిషి కాదు. వానలు పడితే పశువుల కొట్టాలకి వెళ్ళే దారులన్నీ బురద, వాగులు. ఎత్తు లేకపోతే ఆవు ఈనే వేళకి ఆయన వాగుకి ఇవతలే ఉండిపోతాడు. బండి అప్పగించి, సాయంత్రం వస్తానని వెళ్ళిపోయాడు.

అక్కకి పొద్దున్నించి వీపు లాగుతోంది. ఎడమ చెయ్యి కూడా నొప్పంది. మిషను తొక్కీ తొక్కీ పట్టేసి ఉంటుంది అని తనే తేల్చేసింది. బావ ఆవిడ మొహం చూసి, "రేపు చూద్దాంలే, ఇంటికెళ్ళి పడుకో" అన్నాడు. "డాక్టరు గారు ఆగుతారు, ఆవులాగుతాయా? రెండు చుట్లకి ఏం కాదు, పదండి" అని తనే ముందెక్కి బెల్టు పెట్టుకుంది. నేను నా కంప్రెసర్ వేసుకుని ఒక లారీ టైరుతో కుస్తీ పడుతున్నాను. బండి వెనక్కి వెళ్ళడం చూశాను. ఆ మోతలో ఇంకేమీ వినలేదు.

చాలాసేపటికి వచ్చారు. మామూలుగా అయితే మధ్యలో ఆగడం, బావ దిగడం, పానా కోసం నన్ను కేకెయ్యడం ఉంటాయి. అవేమీ లేవు. బండి నెమ్మదిగా లోపలికొచ్చి ఆగింది. బావ దిగాడు. తలుపు చప్పుడు కాకుండా వేసి, పెదాల మీద వేలు పెట్టి, "మీ అక్క నిద్రపోయింది, లేపకు" అన్నాడు. తను గుసగుసగా అన్నాననుకుని షెడ్డంతా వినపడేట్టు అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే అటువైపు వెళ్ళి కిటికీలోంచి చూశాను. బెల్టు లేకపోతే అక్క ఎప్పుడో ఒరిగిపోయి ఉండేది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ గుండె అంది. సరిగ్గా ఎప్పుడు ఆగిందో చెప్పలేమంది. "ఇంకొంచెం ముందు తీసుకొచ్చుంటే?" అని అడిగాను. ఆవిడ తల దించుకుని, కొన్నిసార్లు ఆ కొంచెం సమయంలోనే మనిషి దక్కుతుందని చెప్పింది. బావ అప్పుడు నావైపే చూస్తున్నాడు. ఆ మాట ఆయనకి ఎంత అందిందో నాకు తెలియలేదు.

తర్వాత ఏడ్చింది ఎక్కువ నేనే. సిగ్గు లేకుండా, ముక్కు కూడా తుడుచుకోకుండా ఏడ్చాను. అమ్మ పోయాక నన్ను చిన్నోడా అని పిలిచిన మనిషి ఇంకెవరున్నారు? బావ మాత్రం గోడకి ఆనుకుని కూర్చుని, పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పాడు. "ఒక్కసారి కూడా తట్టలేదు. పని అంత బాగా కుదిరింది. వినడానికి ఏమీ లేక హాయిగా కళ్ళు మూసుకుంది. నిద్రలోనే పోయింది, కష్టపడలేదు." నా పక్కకొచ్చి కూర్చుని, నా చెయ్యి పట్టుకుని కూడా అదే చెప్పాడు. ఆ మాట విన్నాకే నేను కాస్త కుదుటపడ్డాను. చివరి మలుపుదాకా అక్క ఆయన పక్కన వింటూనే ఉంది, అంతా అయ్యాకే నిద్రలోకి జారింది. అలా అనుకుంటే బాధలో కూడా ఒక ఆసరా దొరికింది.

ఆ ఆసరా విరిగింది నా దగ్గరే. కొన్నాళ్ళకి పశువుల డాక్టరు గారు టైరు పంక్చరై రోడ్డు పక్కన ఆగిపోతే నేను వెళ్ళాను. చక్రం విప్పితే లోపల మడ్‌గార్డు మీద గీరుకుపోయిన గాడి. రాసుకుని రాసుకుని అక్కడ ప్లాస్టిక్ నిగనిగలాడుతోంది. రెండోవైపు చూశాను. అక్కడా అంతే.

"ఇది ఎప్పట్నించండీ?" అన్నాను.

డాక్టరు గారు ఇబ్బందిగా అటూ ఇటూ చూశారు. "ఆ రోజు సాయంత్రం మీ దగ్గర్నించి తీసుకెళ్తున్నప్పుడే, గేటు మలుపులోనే వినపడిందయ్యా. మీ ఇంట్లో అంత కష్టం జరిగిన రోజున టైరు రాసుకుంటోందని ఎలా వచ్చి చెప్పను?"

ఆ రోజు తర్వాత ఆ బండి బోల్టు ఎవరూ ముట్టుకోలేదు. గేటు దగ్గర రాసుకుందంటే, వెనక స్థలంలో మొదటి మలుపులోనే రాసుకుని ఉండాలి. నిద్రలో ఉన్నా అక్క చెవిని దాటిపోయే చప్పుడు కాదది. తట్టలేదంటే, తట్టే స్థితిలో లేదు. బావ ఆ తర్వాత ఎన్ని చుట్లు తిప్పాడో! ప్రాణం పోతున్న మనిషినో, పోయిన మనిషినో పక్కన పెట్టుకుని, పని బాగా కుదిరిందని మురిసిపోతూ తిప్పాడు. ఈ సంగతి తెలిస్తే ఆయన బతుకుతాడా?

డాక్టరు గారికి అంతా చెప్పేశాను. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "అయితే బండి మీ షెడ్డుకి తేనులే. చివరిదాకా తిప్పకుండా నడిపితే సరి" అన్నారు.

అన్న మాట నిలబెట్టుకున్నారు. సందు మలుపు తిరగాలంటే ముందుకీ వెనక్కీ కొట్టుకుంటూ, పెద్ద బస్సులాగా తిరిగేవారు. గేదెలకి వైద్యం చేసీ చేసీ ఈయన కూడా గేదెలాగే మళ్ళుతున్నాడని వీధిలో నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవారు. అక్క పోయాక బావ మామూలు బండ్లకే దారం కట్టేవాడు, ఎత్తు పెంచినవి ఒప్పుకునేవాడు కాదు. నేను ఆ బండి కనపడ్డప్పుడల్లా బావని మాటల్లో పెట్టేవాణ్ణి. వినపడని మనిషిని మాటల్లో పెట్టడం ఎంత కష్టమో మీకు తెలియదు. ఒకసారి ఆయనే, "డాక్టరు గారు ఈమధ్య రావట్లేదేం?" అని అడిగితే, గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకున్నంత పనిచేశాను.

వానాకాలం వచ్చింది. ఇరుకు బాటలో డాక్టరు గారి బండికి ఒక దూడ అడ్డమొచ్చింది. చచ్చినట్టు స్టీరింగ్ చివరిదాకా తిప్పాల్సొచ్చింది. అరిగి అరిగి ఉన్న టైరు అంచు అక్కడే చీలింది, బండి వెళ్ళి కాలవలో పడింది. నుదుటికి కట్టుతో వచ్చి, నన్ను పల్లెత్తు మాట అనకుండా, "ఏం చేద్దామయ్యా?" అన్నారు. ఇక ఊరుకుంటే పాపమని కొత్త టైర్లు వేసి, ఊరికి ఆ చివరున్న వేరే అలైన్‌మెంట్ షాపుకి పంపాను. వాళ్ళు చక్రాన్ని మరీ ముందుకి లాగేశారు. రాసుకోవడం తగ్గింది గానీ స్టీరింగ్ బరువెక్కిపోయింది. డాక్టరు గారు బండిని నడపడం కాదు, పిండి పిసికినట్టు పిసుకుతున్నారు.

ఇక నేనే చేద్దామనుకున్నాను. ఇన్నేళ్ళు పక్కనే ఉండి చూశాను కదా! సెలవురోజు చూసి, బావ ఇంట్లో ఉంటాడని ధైర్యంగా, డాక్టరు గారిని రమ్మన్నాను. షట్టరు సగం దించి, బండిని జాకీల మీద లేపి, చక్రాలు విప్పి, ఆర్మ్ బోల్టులు వదులు చేశాను. అంతవరకూ బాగానే వచ్చింది. తర్వాత ఏది ఎటు జరపాలో తెలియక కుడితిలో పడ్డ ఎలుకలా ఉన్నాను. అప్పుడు షట్టరు కింద నుంచి రెండు కాళ్ళు లోపలికొచ్చాయి. ఆ కాళ్ళు నాకు తెలుసు.

బావ చేతిలో చిన్న నూనె డబ్బా ఉంది. సెలవురోజు ఎవరూ ఉండరని వచ్చి, అక్క మిషనుకి నూనె వేసి వెళ్తాడట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. డాక్టరు గారు మాత్రం ఆయన చెవి దగ్గరికెళ్ళి "పంక్చరు!" అని అరిచారు. ముందు చక్రాలు రెండూ నేలమీద, ఆర్మ్‌లు వేలాడుతూ, నేను నిలువెల్లా గ్రీజుతో. అది పంక్చరట.

బావ డబ్బా కింద పెట్టి, మడ్‌గార్డు లోపలికి చెయ్యి పోనిచ్చాడు. గాడి వెంట వేళ్ళు నెమ్మదిగా ఆ చివరిదాకా వెళ్ళాయి, వెనక్కి వచ్చాయి. రెండోవైపుకి వెళ్ళి అక్కడా అలాగే తడిమాడు.

"కొత్త టైర్లు బావా! మొన్నే వేశాం! అందుకే రాసుకుంటోంది!" అని అరిచాను. అబద్ధం గట్టిగా అరవాల్సి వస్తే ఎంత అసహ్యంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆయన నా మొహంలోకి చూశాడు.

"దారం తే" అన్నాడు.

తర్వాత అంతా ఆయనే చేశాడు. బోల్టులు జరిపి, చక్రాలు బిగించి, బండిని దించి, ముందూ వెనకా ఊపి కుదురుకోనిచ్చాడు. రెండువైపులా దారం కట్టి, ఒంటికన్నుతో చూసి, టైర్ల ముక్కులు ఒక్క నూలుపోగంత లోపలికి తిప్పించాడు. వేరేవాళ్ళు ముందుకి లాగినదాన్ని కొంత వెనక్కి తెచ్చాడు. ఎంత అని నేను అడిగితే, "కొంత" అన్నాడు. డాక్టరు గారిని బల్లమీద కూర్చోమని, డ్రైవరు సీట్లోకి ఎక్కి, నాకు పక్క సీటు చూపించాడు.

"ఎక్కు. వినాలి కదా ఎవరో ఒకళ్ళు."

ఆ సీట్లో కూర్చోవడానికి నా ఒళ్ళు ఒప్పుకోలేదు. అయినా ఎక్కాను. వెనక స్థలంలోకి వెళ్ళాం. బావ స్టీరింగ్ ఎడమకి చివరిదాకా తిప్పాడు. చప్పుడు లేదు. కుడికి తిప్పాడు. కుడివైపు చివర్లో సన్నగా, గొంతు సవరించుకున్నట్టు, గర్రుమంది. నేను తట్టాలి. చెయ్యి లేవలేదు. తడితే, ఇదే బండిలో ఆ రోజు అక్క ఎందుకు తట్టలేదని ఆయన ఆలోచనలో పడతాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నాను.

బావ బండి ఆపాడు.

"కుడిది రాసుకుంది. తట్టవేంరా?"

నేను నోరు తెరిచి ఆయనకేసి చూశాను. నీకెలా తెలుసు అన్నట్టు చెయ్యి తిప్పాను.

"స్టీరింగ్‌లో తెలుస్తుంది. అరచేతిలో సన్నగా జివ్వుమంటుంది" అన్నాడు. "మొదట్లో తెలిసేది కాదు. మీ అక్క తట్టగా తట్టగా, తట్టే ముందు చేతిలో ఏమవుతోందో పట్టుబడింది. ఏడాది తిరక్కుండానే వచ్చేసింది."

"మరి అక్కకి చెప్పలేదా?" అని చెవి దగ్గర అరిచాను.

"చెప్తే రావడం మానేస్తుంది కదా."

అన్నేళ్ళు! ఆవిడ తట్టేదాకా తెలియనట్టు తిప్పడం, తట్టగానే ఉలిక్కిపడ్డట్టు ఆపడం. బల్ల మీద కుట్టు సగంలో వదిలేసి, జుట్టు సర్దుకుని వచ్చే మనిషి కోసం. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంతలోనే ఇంకో సంగతి తట్టింది. ఆయన చేతులకి ఎప్పుడూ తెలుసంటే, ఆ రోజు కూడా తెలిసి ఉండాలి.

ఆ ప్రశ్న నేను అడగలేదు. నా మొహంలో చదువుకున్నాడు.

"ఆ రోజూ తెలిసింది. మొదటి మలుపులోనే."

"మరి పని బాగా కుదిరిందని అందరికీ..."

"నువ్వు తిండి మానేశావని మీ ఆవిడ వచ్చి చెప్పింది. ఏదో ఒకటి చెప్పాలి కదరా నీకు."

ఏడాదిపాటు నేను ఆయన్ని కాపాడుతున్నాననుకున్నాను. బావ స్టీరింగ్ మీద నుంచి చేతులు తీయకుండా, ముందుకే చూస్తూ, మామూలుగా మాట్లాడేంత గొంతుతోనే చెప్పుకుంటూ పోయాడు.

"తను తట్టకుండా నేనెప్పుడూ ఆపలేదు. కునుకు పట్టిందేమో, ఇంకో చుట్టు తిప్పితే వింటుందిలే అనుకున్నా. తిప్పా. తట్టలేదు. పొద్దున్నించి ఒంట్లో బాలేదు కదా, సరిగా వినపడలేదేమో అనుకున్నా. ఈసారి చివరిదాకా తిప్పి అలాగే పట్టుకున్నా. బాగా గట్టిగా రాసుకోవాలని. గట్టిగా రాసుకుంటే వింటుంది కదా అని. అలా తిప్పుతూనే ఉన్నా."

ఇంజను నడుస్తోంది. ఎదురుగా, షెడ్డు పక్కన, గేటు తెరిచి ఉంది. దాని అవతల రోడ్డు మీద బండ్లు పోతున్నాయి.

"తిరిగినప్పుడల్లా ఈ గేటు ముందునించే వచ్చా" అన్నాడు బావ. "ఇటు బయటికి తిప్పుంటే ఆస్పత్రి ఎంత దూరంరా?"

ఎంత దూరమో ఇద్దరికీ తెలుసు. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆయన స్టీరింగ్ వదల్లేదు.